కాపర్ టీకి సున్నా డాలర్లు: బిల్లు దగ్గర నా అనుభవం

అమెరికాలో 2012 ఆగస్టు నుంచి చాలామటుకు ఇన్సూరెన్స్ ప్లాన్లు ఆడవాళ్ల గర్భనిరోధక సాధనాలకు కోపే (ప్రతిసారీ మనం కట్టే వాటా), డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు మనం పెట్టుకోవలసిన మొత్తం) తీసుకోకూడదు. గ్రాండ్‌ఫాదర్డ్ అనే పాత ప్లాన్లకూ, మతపరమైన అభ్యంతరం చెప్పిన కంపెనీలకూ మినహాయింపు ఉంది. హెచ్4 డిపెండెంట్ వీసా మీద కొత్తగా వచ్చినవాళ్లు కొనే విజిటర్ ఇన్సూరెన్సుకైతే ఈ రూలే వర్తించదు.

కాపర్ టీ వేయించుకునేముందు ఇన్సూరెన్స్ కార్డు వెనక నంబరుకి ఫోన్ చేశాను. "కవరవుతుందా" అని అడిగితే అవుతుందనే అంటారు. డిడక్టబుల్‌లో వేసినా వాళ్ల లెక్కలో అది కవరే. కోడ్లతో అడగాలి: సాధనం జె7300, వేయడం 58300, డయాగ్నోసిస్ (ఎందుకోసం వెళ్లామన్న కారణం) జెడ్30.430. "ఇన్‌నెట్‌వర్క్‌లో, అంటే ప్లాన్‌తో ఒప్పందం ఉన్న డాక్టరు దగ్గర వేయించుకుంటే నా చేతినుంచి ఎంత పడుతుంది?" అని. మాట్లాడినవారి పేరు, తేదీ, కాల్ రిఫరెన్స్ నంబరు రాసిపెట్టుకున్నాను.

అయినా బిల్లు వచ్చింది. ఈఓబీలో (దేనికి ఎంత కట్టారో ఇన్సూరెన్స్ పంపే వివరాల కాగితం) కింద మొత్తం కాదు, ఒక్కో లైనూ చూడాలి. సాధనం సున్నా, వేయడం సున్నా. మూత్రంతో చేసిన గర్భ పరీక్ష 81025, ఆఫీసు విజిట్ 99213 మాత్రం డిడక్టబుల్‌లో పడ్డాయి. మాటల మధ్య చెప్పిన తలనొప్పిని ఆ రెండిటికీ మొదటి డయాగ్నోసిస్‌గా వేశారు! అక్కడ జబ్బు కనబడితే క్లెయిమ్ ప్రివెంటివ్‌లోకి (ఉచితంగా ఇవ్వాల్సిన ముందుజాగ్రత్త సేవల్లోకి) వెళ్లదు. సాధనం వేసేముందు కావలసిన గర్భ పరీక్ష కూడా ఉచితంగానే ఇవ్వాలని ఫెడరల్ శాఖలు 2022 జులైలో విడమరిచి చెప్పాయి.

ఫ్రంట్ డెస్క్‌తో పని కాదు. బిల్లింగ్ వాళ్లనే పట్టుకుని "కరెక్టెడ్ క్లెయిమ్" పంపమనాలి: జెడ్30.430 ముందుకి, పక్కన ఇది ప్రివెంటివ్ సేవ అని చెప్పే గుర్తు, మాడిఫయర్ 33. తేలేదాకా బిల్లు హోల్డ్‌లో పెట్టమనాలి, లేదంటే కలెక్షన్స్‌కి (బాకీలు వసూలు చేసేవాళ్లకి) పంపేస్తారు. తొందరపడి కట్టేశారా, వెనక్కి రాబట్టడం ఇంకో యజ్ఞం.

అప్పటికీ ఇన్సూరెన్స్ వాళ్లు కాదంటే, తిరస్కరణ అందిన 180 రోజుల్లోపు అప్పీలు వేయాలి. చికిత్స అయిపోయిన క్లెయిమ్‌కి సాధారణంగా 60 రోజుల్లో జవాబివ్వాలి. అదీ పోతే 4 నెలల్లోపు ఎక్స్‌టర్నల్ రివ్యూ (బయటివాళ్లతో పరిశీలన) అడగాలి. ఫిర్యాదు ఎక్కడన్నది హెచ్ఆర్‌ని అడిగితే తెలుస్తుంది: కంపెనీ సొంత డబ్బుతో నడిపే సెల్ఫ్‌ఫండెడ్ ప్లానైతే కార్మిక శాఖకి, లేకపోతే రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకి.

ఈఓబీ మామూలుగా పాలసీదారు పేరునే వెళ్తుంది. ఇంట్లో తెలియకూడదనుకుంటే ముందే కాన్ఫిడెన్షియల్ కమ్యూనికేషన్ (కాగితాలు మీకే విడిగా పంపడం) అడగండి.

ఆయనకి వేసెక్టమీ చేయిద్దామనుకునేవాళ్లకి మాత్రం ఈ లెక్క పనికిరాదు. అది ఫెడరల్ రూల్లో లేదు, కొన్ని రాష్ట్రాలే కలిపాయి.