బ్రైడ్‌వుడ్ గుట్టల్లో ఆకుల వేట

షికాగో చుట్టుపక్కల తెలుగువాళ్లకు శనివారమంటే అరోరా బాలాజీ గుడి. మేం మాత్రం ఆ ఏప్రిల్ శనివారం ఐ-55 ఎక్కి బ్రైడ్‌వుడ్ వెళ్లాం, రాళ్లు ఏరడానికి.

అది పాత బొగ్గు ఊరు. బొగ్గు పొరకు పైనే ఉండే షేల్ రాయిని పెళ్లగించి పక్కన గుట్టలుగా పోశారు. గని మూతపడ్డాక గోతులు చెరువులయ్యాయి, గుట్టల మీద చెట్లు లేచాయి. ఇప్పుడది మెజోనియా-బ్రైడ్‌వుడ్ అనే ప్రభుత్వ స్థలం. మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 దాకా, పర్మిట్ ఉంటే శిలాజాలు ఏరుకోవచ్చు.

వాన నీళ్లు కోసిన వాలుల్లోనే వెతకాలి. మామూలు బూడిదరంగు షేల్ ముక్కల మధ్య తుప్పు రంగులో బంగాళాదుంపల్లాంటి గుండ్లు కనిపిస్తాయి. సుమారు 31 కోట్ల ఏళ్ల కిందట నది తెచ్చిన బురదలో ఆకు కూరుకుపోయింది. అది కుళ్లుతుంటే చుట్టూ ఇనుప ఖనిజం పేరుకుని, బురద అణగకముందే గట్టిపడింది. అందుకే ఆకు ఈనెలతో సహా నిలిచింది. మా వాడు మొదటి గంట హుషారుగా ఏరాడు, తర్వాత చెరువులో రాళ్లు విసురుతూ కూర్చున్నాడు. నాకు పిడుదుల భయం, ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుని తిరిగాను.

అసలు పని ఇంటికొచ్చాకే. సుత్తితో కొడితే ఎక్కడ పడితే అక్కడ విరుగుతాయి. నీళ్లలో నానబెట్టి, ఫ్రీజర్‌లో పెట్టి, కరిగించి, మళ్లీ పెట్టాలి. అలా చేస్తూ పోతే ఎప్పుడో ఒకరోజు లోపల ఏదైనా ఉన్నచోట తమంతట తామే విచ్చుకుంటాయి. గోంగూర ప్యాకెట్ల పక్కన రాళ్ల డబ్బాలు చూసి మా ఆయన వారాల తరబడి సణిగాడు. సణగడంలో న్యాయం ఉంది, చాలావాటిలో ఏమీ లేదు. ఒకదాంట్లో మాత్రం న్యూరాప్టెరిస్ రెమ్మ! చూడ్డానికి ఫెర్న్ ఆకే, కానీ విత్తనాలు కాసే మొక్కది.

ఫొటో ఇల్లందులో నాన్నకు పంపాను. సింగరేణిలో పనిచేసి రిటైరైన మనిషి. "బొగ్గు వాళ్లు తీసుకుని రాయి మీకిడిసిపెట్టిన్రా బిడ్డా?" అని నవ్వాడు. మన బొగ్గులో ఈ ఆకు దొరకదని చెప్పాను. అప్పట్లో ఇల్లినాయ్ భూమధ్యరేఖ దగ్గరి చిత్తడి. సింగరేణి బొగ్గు ఆ తర్వాతి కాలానిది, దక్షిణాన చలి నేలల్లో పెరిగిన గ్లాసాప్టెరిస్ అనే చెట్ల అడవిది. దక్షిణ ధ్రువ యాత్రకు వెళ్లి 1912లో అంటార్కిటికాలో చనిపోయిన స్కాట్ బృందం దగ్గర దొరికిన రాళ్లలోనూ ఆ ఆకే ఉంది.

ఈసారి ఊరొచ్చినప్పుడు ఓబీ గుట్ట, అంటే అక్కడ బొగ్గు మీది మట్టీ రాయీ తీసి పోసిన గుట్ట, ఎక్కొచ్చా అని అడిగాను. సెక్యూరిటీవాళ్లు ఊరుకోరట. ముందు ఆఫీసులో పర్మిషన్ కాగితం తెచ్చుకోమన్నాడు.