స్వర్ణాల చెరువులో రొట్టె

మొహర్రం రోజుల్లో, రొట్టెల పండుగకు, ఒంగోలులో పినాకిని రైలెక్కి నెల్లూరులో దిగాను. స్టేషన్ బయట ఆటోవాళ్లందరిదీ ఒకటే కేక: "దర్గా! దర్గా!" బారాషహీద్ అంటే పన్నెండుమంది అమరులు. వాళ్ల సమాధులున్న దర్గా పక్కనే స్వర్ణాల చెరువు. మూడేళ్ల కింద మా అమ్మ ఆ నీళ్లలో నిలబడి నాన్న కోసం ఆరోగ్య రొట్టె పట్టుకుంది. నాలుగు నెలలకే నాన్న పోయాడు. అమ్మ మళ్లీ ఇటు రాలేదు. దేవుడు లేడని నేను గట్టిగా అనడం మొదలుపెట్టింది అప్పటినుంచే.

ఇక్కడి పద్ధతి ఇది. కోరిక ఉన్నవాళ్లు రొట్టె పట్టుకుని తింటారు. తీరినవాళ్లు మరుసటేడు రొట్టె చేసి తెచ్చి, అదే కోరికతో వచ్చినవాళ్లకు వదులుతారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, విదేశీ రొట్టె... హిందువులు, ముస్లింలు, అందరూ తలమీద గుడ్డ కప్పుకుని ఆ నీళ్లలోనే.

గట్టుమీద నిలబడితే డయాగొరస్ గుర్తొచ్చాడు. రెండు వేల ఏళ్ల కింద రోమన్ రచయిత సిసిరో రాసిపెట్టిన ముచ్చట. దేవుళ్లకు మొక్కి తుఫానులోంచి బయటపడినవాళ్ల బొమ్మలు గుడిలో చూపించి, ఇంకా నమ్మవా అని స్నేహితుడు అడిగితే, మునిగిపోయినవాళ్ల బొమ్మలేవి అన్నాడట ఆ గ్రీకు నాస్తికుడు. ఈ చెరువులోనూ రొట్టె వదిలేది కోరిక తీరినవాళ్లే కదా. మా నాన్న రొట్టె ఏ లెక్కలో ఉంది?

అలా అనుకుంటూనే నీళ్లలోకి దిగాను. పక్కన కావలి నుంచి వచ్చిన ఒక అక్క, సంతాన రొట్టె కోసం అటూ ఇటూ చూస్తోంది. ఇది నాలుగోసారి అంది. మూడుసార్లు తీరలేదన్నమాట.

"మరి దేవుడు ఉన్నాడంటావా అక్కా?"

"అదంతా నాకు తెలీదు అబ్బయ్యా. బిడ్డ కావాల. వచ్చినా."

కోరిక తీరనివాళ్లు ఇక్కడ కనపడరనుకున్నాను. అలాంటి మనిషే నా పక్కన నిలబడి ఉంది. డయాగొరస్ ప్రశ్న నాకు ఇప్పటికీ సరైనదే. తీరిన కోరికలు దేవుడికి సాక్ష్యం కావు. కానీ తీరని కోరిక మాత్రం లేడనడానికి సాక్ష్యం ఎలా అయింది? మూడేళ్లుగా నేను చేసింది ఆ పనే. ఒక్క రొట్టె పట్టుకుని పెద్ద ప్రశ్నకు తీర్పు చెప్పేశాను. వేదాన్ని ప్రమాణంగా తీసుకున్న మీమాంసకులు కూడా సృష్టికర్తను ఒప్పుకోలేదు. అయితే వాళ్లు ఆ మాటకు వచ్చింది తర్కంతో. నేను వచ్చింది దుఃఖంతో. నా దుఃఖం అబద్ధం కాదు. అది వాదన మాత్రం కాదు.

ఇంతలో చంకలో పాపతో ఒకామె "సంతాన రొట్టె, సంతాన రొట్టె" అంటూ వచ్చింది. అక్క కొంగు పట్టింది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటూ ఆ పాప కాలు ఒకసారి తాకింది.

గట్టెక్కాక అమ్మకు ఫోన్ చేశాను. ఎక్కడున్నానో చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీళ్లు ఎక్కువగా ఉన్నాయా?" అని అడిగింది.

"మోకాళ్ల దాకా ఉన్నాయమ్మా," అన్నాను.