స్తిమితం

మా పిన్ని కొంతకాలంగా డిప్రెషన్‌కి మందులు వాడుతోంది. మొన్న చుట్టాలింట్లో ఎవరో "ఆవిడకి మతిస్తిమితం లేదట కదా" అన్నారు. పిన్ని పక్క గదిలోనే ఉంది, వింది. నాకు ప్రాణం ఉసూరుమంది. అప్పట్నుంచీ ఆ మాటే మనసులో తిరుగుతోంది.

అందులోని 'స్తిమితం'ని చాలామంది 'స్థిమితం' అని రాస్తారు, స్థిరం, స్థానం లాంటి మాటలకు చుట్టమనుకుని. మూలం అది కాదు. సంస్కృతంలో అది 'స్తిమిత', 'స్తిమ్' ధాతువు నుంచి పుట్టింది. తడిసిన అని ఒక అర్థం, కదలకుండా నిశ్చలంగా ఉన్న అని ఇంకో అర్థం. గాలి ఆగినప్పటి చెరువు నీళ్లలాగా అన్నమాట. ఈ రెండో అర్థం మన ఇళ్లలో ఎంత చక్కగా బతికుందో! "ముందు కాస్త స్తిమితపడు, తర్వాత చెబుదువుగాని" అంటుంది అమ్మమ్మ. పెళ్లి హడావుడి అయ్యాక స్తిమితంగా కూర్చుని మాట్లాడుకుందాం అంటాం. స్తిమితం ఎవరికైనా తప్పేదే, మళ్లీ కుదిరేదే. ముందు 'మతి', వెనక 'లేదు' తగిలించేసరికి మాత్రం మనిషి మీద చెరగని ముద్ర అయిపోతోంది.

ఈ విషయంలో చట్టం మనకంటే నయం. మానసిక అనారోగ్యం ఉందని తేలినంత మాత్రాన, కోర్టు ప్రకటిస్తే తప్ప, ఎవరినీ మతి సరిగా లేనివాళ్లుగా లెక్కకట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్ చెబుతోంది.

పిన్ని ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోతోంది. బడికెళ్లి పిల్లలకు లెక్కలు చెబుతోంది. తన గురించి తెలుసుకోవాలంటే దయచేసి తననే అడగండి.