కంసాలి త్రాసు మీద గోల్ఫ్ షాఫ్టులు

అమలాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్ళే బస్సులో కండక్టరు నా చేతిలోని నాలుగడుగుల ప్లాస్టిక్ పైపును చూసి, దానికి వేరే లగేజీ టికెట్టు తీసుకోవాలన్నాడు. లోపల ఉన్నవి ఆరు గ్రాఫైట్ కడ్డీలని, ఆరూ కలిపి 461 గ్రాములకు మించవని నేను ఎంత చెప్పినా ఆయన వినలేదు. పైపంటే పైపేనని, రేపు ఇంకొకాయన బోరు పైపులు తెచ్చి ఇదే మాట అంటాడని ఆయన వాదన. ముప్పై రూపాయలు కట్టి కూర్చున్నాను గాని, వెనక సీటు కింద రెండు కొబ్బరికాయల బస్తాలు టికెట్టు లేకుండానే ప్రయాణం చేస్తూ ఉండటం చూసి నా మనసు చాలాసేపటి వరకు కుదుటపడలేదు.

ఈ ప్రయాణానికి మూలం నా మోచేయి. విశాఖపట్నంలో పదేళ్ళుగా ఉక్కు షాఫ్టులున్న (షాఫ్టంటే క్లబ్బు కర్ర భాగం) ఐరన్లతోనే, అంటే లోహపు హెడ్డున్న గోల్ఫ్ క్లబ్బులతోనే ఆడుతున్నాను. ఆ షాఫ్టులు ఒక్కొక్కటి కోయక ముందు 130 గ్రాముల దాకా తూగే రకం. వయసు యాభై ఏడుకు చేరాక, బంతికి బదులు నేల తగిలిన ప్రతిసారీ ఆ అదురు మోచేతి దాకా పాకుతోంది. గ్రాఫైట్‌కు మారదామని కొత్తవాటి ధర అడిగితే ఒక్కోటి నాలుగున్నర వేలన్నారు. 5వ నంబరు ఐరన్ నుంచి పిచింగ్ వెడ్జ్ అనే పొట్టి క్లబ్బు దాకా ఆరు కావాలి కనుక ఇరవై ఏడు వేలు. బంతిని కొట్టే హెడ్లు ఎలాగూ ఉన్నాయి, అతికించే పని నేనే చేసుకోగలను, కాబట్టి ఆ ధర మింగుడు పడలేదు. అప్పుడు గుర్తొచ్చాడు మా మామయ్య. దుబాయిలో గోల్ఫ్ క్లబ్బులు బాగుచేసే ఒక దుకాణంలో చాలా ఏళ్ళు పనిచేసి, ఆ దుకాణం మూతపడినప్పుడు మిగిలిన సరుకులో కొంత తెచ్చుకుని, అమలాపురం దగ్గర కొబ్బరితోటలో స్థిరపడ్డాడు. ఫోను చేస్తే, "వచ్చి చూసుకోరా, అటక మీద ఎలుకలు కాపలా కాస్తున్నాయి" అన్నాడు.

రాజమండ్రిలో రైలు దిగి, రావులపాలెం, కొత్తపేట మీదుగా వెళ్ళాను. మొదటి రోజంతా భోజనాలకీ, కొత్తావకాయ మీద చర్చకీ సరిపోయింది.

మరునాడు పొద్దున్నే అటక మీద నుంచి రెండు కట్టలు దిగాయి. మొదటిది పేరున్న కంపెనీది, పాత క్లబ్బుల నుంచి ఊడదీసిన ఆరు షాఫ్టుల జత. నల్లటి మెరుపు, ఎర్ర అక్షరాలు చూడగానే నా చెయ్యి అటే పోయింది. రెండోది ఎవరూ కోయని ఎనిమిది షాఫ్టులు, వాటి మీద పేరు కూడా సరిగా కనిపించడం లేదు. మామయ్య మాట్లాడకుండా వెర్నియర్ కాలిపర్ తెచ్చి మొదటి కట్టలోని షాఫ్టు కొసను కొలిచాడు. తొమ్మిది మిల్లీమీటర్లు వచ్చింది. అంటే 0.355 అంగుళాల టేపర్ టిప్, కొసకు పోయేకొద్దీ సన్నబడే రకం. నేను సంచిలో మోసుకొచ్చిన హెడ్ల రంధ్రం 9.4 మిల్లీమీటర్లు, అంటే 0.370 అంగుళాల పారలల్ టిప్ (కొస అంతా ఒకే లావున్న రకం) పట్టేది. సన్నని షాఫ్టును పెద్ద రంధ్రంలో షిమ్ అనే పలుచని తొడుగు పెట్టి బిగించవచ్చు గాని, లావు షాఫ్టును చిన్న రంధ్రంలో దూర్చలేము. షాఫ్టు ధర అడిగే ముందు హెడ్డు రంధ్రం కొలవాలని అంతవరకు నాకు తోచనేలేదు.

షిమ్ పెట్టుకుంటానని నేను పట్టుబడితే, ఆయన ఒక షాఫ్టును రెండు చేతులతో పట్టుకుని, బట్ట పిండినట్టు నెమ్మదిగా మెలితిప్పి, చెవి దగ్గర పెట్టుకోమన్నాడు. లోపల ఎండుటాకు నలిగినట్టు చిటపటమంది. ఊడదీసినవాడు ఉక్కుదానిలాగే మంట పెట్టి తిప్పి లాగి ఉంటాడని మామయ్య ఊహ. గ్రాఫైట్‌లో పోగులను పట్టి ఉంచేది రెసిన్ అనే జిగురు కనుక, అతి వేడికి అది చెడి పోగులు విడిపోతాయి. అందుకే దాన్ని తగుమాత్రం వేడి చేసి, తిప్పకుండా పుల్లరుతో నిటారుగా లాగాలి. ఆరింటిలో మూడు అలాగే చిటపటలాడాయి, మరొకదాని కొసన పోగులు చీపురులా లేచి ఉన్నాయి. ఎర్ర అక్షరాల మీద మోజు అక్కడితో పోయింది.

రెండో కట్ట మీద, షాఫ్టు ఎంత వంగుతుందో చెప్పే 'ఆర్' (రెగ్యులర్) అనే అక్షరం మాత్రం మిగిలి ఉంది. నాకు 'ఎస్' (స్టిఫ్, తక్కువ వంగేది) కావాలన్నాను. "ఒక కంపెనీ ఆర్ ఇంకో కంపెనీ ఎస్‌తో సమానం కావచ్చురా, ఆ అక్షరాలకు అందరూ ఒప్పుకున్న కొలత లేదు" అని, షాఫ్టు లావు వైపును వడ్రంగి వైసులో బిగించి, కొసకు రెండు కిలోల గుండు వేలాడదీసి, గోడ మీద బొగ్గుతో గీత పెట్టాడు. తర్వాత నా పాత ఉక్కుదానికీ అదే పరీక్ష చేస్తే రెండు గీతల మధ్య బొటనవేలి వెడల్పు కూడా లేదు. ఆ గీతలు చూస్తుంటే మా తాత జ్ఞాపకం వచ్చాడు. లంకలోని పొలానికి నావ మీద వెళ్ళే రోజుల్లో గెడకు వెదురు ఎంచాలంటే, ఆయన గడను నేలకు ఆనించి, ఛాతీతో నొక్కి, ఎక్కడ వంగుతుందో చూసేవాడు. కణుపులు లెక్కపెట్టేవాడు కాడు, అమ్మేవాడి మాట అసలే వినేవాడు కాడు.

అన్నీ ఒకే బరువున్నాయో లేదో చూడటం మిగిలింది. కొబ్బరికి వాడే కాటా ఇలాంటి పనికి దండగ. మామయ్య నన్ను అమలాపురంలో తనకు తెలిసిన కంసాలి కొట్టుకు తీసుకెళ్ళాడు. మీటరుకు మించిన కడ్డీ అరచేతంత పళ్ళెం మీద నిలవదు కనుక, ఆయన త్రాసు గాజు తలుపులు తీసేసి, పళ్ళెం మీద స్టీలు గ్లాసు బోర్లించి, సున్నా చేసి, గ్లాసు మీద షాఫ్టును అడ్డంగా నిలబెట్టాడు. అంకెలు నిలవలేదు. ఫ్యాను ఆపించాడు. మే నెల మధ్యాహ్నం, ముగ్గురం చెమటలు కక్కుతూ ఊపిరి బిగపట్టి నిలబడ్డాం. 76.4, 76.9, 77.1, 76.2, తర్వాత ఒక్కసారిగా 80.9, మళ్ళీ 77.6, 76.8, చివరిది 72.8. చూపుకు ఎనిమిదీ కవల పిల్లలే. ఆ రెండింటినీ పక్కన పెడితే మిగిలిన ఆరింటి మధ్య తేడా గ్రామున్నర లోపే. "తరుగూ మజూరీ లేకుండా నేను తూచిన మొదటి సరుకు ఇదేనండీ, ఆయ్" అని కంసాలి డబ్బు తీసుకోలేదు.

మామయ్య మాత్రం తీసుకున్నాడు, ఒక్కోదానికి వెయ్యి. మేనల్లుడికి ఊరికే ఇస్తాడనుకున్న నా ఆశ తప్పని నాకూ తెలుసు. రాత్రి మంచం మీద కూర్చుని లెక్క వేశాం. షాఫ్టు బరువు సుమారు తొమ్మిది గ్రాములు తగ్గితే స్వింగ్ వెయిట్, అంటే క్లబ్బు ఊపేటప్పుడు హెడ్డు ఎంత బరువుగా తోస్తుందో చెప్పే కొలత, ఒక పాయింటు పడుతుంది. 130 నుంచి 77కు వస్తే ఆరు పాయింట్లు, అంటే డి2 ఉన్నది సి6కు దిగుతుంది (సి9 తర్వాతది డి0). పొడవు అర అంగుళం పెంచితే మూడు పాయింట్లు తిరిగి వస్తాయి. మిగతా మూడింటికీ హెడ్డులో ఆరు గ్రాములు నింపుతానంటే, "తేలికది కావాలని వచ్చి మళ్ళీ బరువెక్కిస్తావేంట్రా? ముందు సి9తో ఆడి చూడు" అన్నాడు. ఆ మాట విన్నాను.

బస్సు మీద కోపంతోనే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, నరసాపురంలో రైలు పట్టుకున్నాను. పంటు మీద పైపుకు ఎవరూ టికెట్టు అడగలేదు.

ఇంటికొచ్చాక, 5వ నంబరు నుంచి ఒక్కో క్లబ్బుకూ కొస వైపు అర అంగుళం చొప్పున ఎక్కువ కోస్తూ, మిగతా పొడవును గ్రిప్ వైపు సరిచేశాను. కోసే చోట మాస్కింగ్ టేపు చుట్టి, సన్నపళ్ళ రంపంతో కోస్తే పోగులు లేవలేదు. అంటించే భాగంలో పెయింటు మాత్రమే పోయి కింది పోగు తెగకుండా గీకడానికి ఒక్కోదానికి అరగంట పట్టింది. ఎపాక్సీ జిగురు పెట్టి ఒక రోజంతా కదల్చలేదు. 7వ నంబరుతో ఆడి చూస్తే మోచేయి నిమ్మళంగానే ఉంది. వెడ్జ్ మాత్రం చేతిలో ఉన్నట్టే అనిపించదు, దానికి రెండు గ్రాముల సీసపు టేపు వేశాను.

పక్కన పెట్టిన రెండింటిలో 72.8 గ్రాములదాని చివర కొడవలి కట్టి, మామయ్య ములక్కాయలు కోసే దోటి చేసుకున్నాడు. ఫోటో పంపాడు.