కూర్బే రాళ్ల లోయ మీద వ్యాఖ్యానం రాశాను: నా అనుభవం

ఫైన్ ఆర్ట్స్ అసైన్‌మెంటుకి ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ కూర్బే గీసిన ఓర్నాన్ లోయ చిత్రాల్లో ఒకటి ఇచ్చి, వ్యాఖ్యానం రాసుకురమ్మన్నారు. చూస్తే రాతి గోడలు, కింద పచ్చిక, పైన కాస్త ఆకాశం. మనిషి లేడు, కథ లేదు. దేవుడి బొమ్మైతే చేతుల్లో ఏమున్నాయో చూసి అయినా రెండు పేరాలు లాగొచ్చు. బండ గురించి ఏం రాస్తాం? ‘ప్రకృతి గంభీరత’, ‘మనిషి ఒంటరితనం’ లాంటి మాటలు ఏ కొండ బొమ్మకైనా అతుకుతాయి. నాకు ఈ బండకే పట్టే మాట కావాలి.

నల్లగొండలో మా ఇంట్లో ప్రింటు ముందేసుకుని కూర్చుంటే, క్వారీలో పనిచేసే మా చిన్నాయన తీసుకుని చూశాడు. “ఇది మన దిక్కు రాయి గాదు బిడ్డా. మనయి గుండ్లు. ఇది పొరలు పొరలుగున్నది. హుజూర్‌నగర్ దిక్కు సిమెంటుకు తవ్వే రాయి లెక్కున్నది” అన్నాడు.

అక్కడే దారి దొరికింది. మా నల్లగొండ లతీఫ్‌సాబ్ గుట్ట మీది గ్రానైట్ ఎండకూ వానకూ అంచులు అరిగి గుండ్రబడుతుంది. ఓర్నాన్ ఉన్నది తూర్పు ఫ్రాన్స్‌లో, జూరా కొండల వైపు. అక్కడిది సున్నపురాయి, నీళ్లకు కరుగుతుంది. ఆ లోయలో పారే లూ నది పుట్టేదే ఒక గుహలోంచి. బొమ్మలో గోడల మీది అడ్డచారలు, పగుళ్లు అందం కోసం పెట్టినవి కావు, ఆ రాయి స్వభావమే అది. కూర్బే 1819లో పుట్టింది ఆ ఊళ్లోనే మరి.

తర్వాత రంగు చూశాను. ఆయన ముదురు పూత మీద మొదలుపెట్టి వెలుగు వైపు వచ్చేవాడు. రంగును కుంచెతోనే కాకుండా పాలెట్ కత్తితో (రంగులు కలిపే పలుచని కత్తి) కూడా అద్ది, గీకేవాడు. అందుకే ఆకాశం కన్నా రాయే బరువుగా, గరుకుగా కనిపిస్తుంది. పురాణ కథో, పాత శిథిలాలో ఉంటేనే ప్రకృతి చిత్రానికి గౌరవం అనుకునే పద్ధతి ఫ్రాన్స్‌లో అప్పటికింకా ఉంది. ఈయన ఆ సాకు కూడా పెట్టుకోలేదు. 1855లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకు తన పెద్ద చిత్రాలు కొన్నిటిని కాదంటే, సొంత మండపం వేసి ‘రియలిజం’ (ఉన్నదాన్ని ఉన్నట్టు గీయడం) అని బోర్డు పెట్టిన మనిషి. నా వ్యాఖ్యానమంతా ఈ ఒక్క మాట చుట్టూనే రాశాను: ఈ బొమ్మలో కథానాయకుడు రాయే.

మార్కులు పర్లేదు. ఇదే కూర్బే 1849లో రాళ్లు కొట్టే కూలీలను గీశాడని, ఆ బొమ్మ రెండో ప్రపంచ యుద్ధంలో నాశనమైందని చిన్నాయనకు చెప్పాను. “గా కూలీలకు దినాం ఎంత పడేదట?” అని అడిగాడు.