వైరల్ లోడ్ బాగుంటే సరిపోదు

వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందుల పుణ్యమా అని హెచ్ఐవీ ఉన్నవాళ్లు అరవై, డెబ్బై దాటి బతుకుతున్నారు. రక్తంలో వైరస్ ఎంతుందో (అదే వైరల్ లోడ్) రిపోర్టు చెబుతుంది. కానీ ఏఆర్‌టీ సెంటర్‌కు మందుల కోసం వచ్చే అవ్వ ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడి ఎన్నాళ్లయిందో ఏ రిపోర్టులోనూ ఉండదు.

"ఎట్లున్నవ్ అవ్వా?" అంటే "మంచిగనే ఉన్న బిడ్డా" అనే అంటారు. అందుకే సూటిగా రెండు ప్రశ్నలు అడగాలి: ఈ రెండు వారాల్లో ఏ పనిమీదా ఇష్టం లేకుండా పోయిందా? దిగులుగా అనిపించిందా? ఎక్కువ రోజులు అట్లే ఉందంటే కౌన్సెలర్‌ను కలపాలి, వయసైపోయింది కదా అని వదిలేయొద్దు. నిద్ర సంగతీ అడగండి. డోలుటెగ్రవిర్ అనే హెచ్ఐవీ మందు ఉన్న మాత్ర కొందరికి నిద్ర చెడగొడుతుంది. డాక్టర్‌ను అడిగి పొద్దున వేసుకుంటే కొందరికి సర్దుకుంటుంది. సొంతంగా మానేస్తే మాత్రం వైరస్ మళ్లీ పెరుగుతుంది.

మూడు నెలల మందు ఒకేసారి ఇస్తే బస్సు ఖర్చు తప్పుతుంది, నిజమే. కానీ తోటివాళ్లు కలిసే ఆ ఒక్క చోటూ దూరమవుతుంది. పరకాల వైపు నుంచో నర్సంపేట వైపు నుంచో వరంగల్ వచ్చే ఇద్దరు ముగ్గురికి, వాళ్లు సరేనంటే, మందులకు ఒకే తేదీ వేయడం అన్నిటికన్నా పనికొచ్చే పని అని నా నమ్మకం.

ఒకరి ఫోన్ నంబర్ ఇంకొకరికి ఇచ్చేముందు ఇద్దరినీ విడివిడిగా అడగాలి. ఏ టైంకు చేయాలో, కోడలు ఎత్తితే ఏం చెప్పాలో ముందే అనుకోవాలి. వాట్సాప్ గ్రూపు వద్దు, అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. అనుమతి లేకుండా ఒకరి హెచ్ఐవీ సంగతి బయటపెట్టడాన్ని 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఒప్పుకోదు.

ఫోన్ చేయాల్సిన నంబర్లు: హెచ్ఐవీ గురించి 1097, మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416. రెండూ ఉచితమే. పెద్ద అక్షరాలతో రాసి మందుల సంచిలో పెట్టండి.