బంతి కొట్టడం వచ్చు, వేయడం రాదు

నేను టెన్నిస్ మానేశానని అందరికంటే ముందు కనిపెట్టింది ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) ర్యాంకింగ్స్ కంప్యూటర్. పెద్ద ఆటగాళ్లు రిటైరైతే దానికో రోజుంటుంది, పూలదండలుంటాయి. 2023 మార్చిలో సానియా మీర్జా వీడ్కోలు మ్యాచ్‌లు ఎల్బీ స్టేడియంలో ఎంత సందడిగా జరిగాయో చూశాం కదా. ర్యాంకు వెయ్యి దాటినవాడికి అవేమీ ఉండవు. సంపాదించిన పాయింటు ర్యాంకింగ్‌లో బతికేది 52 వారాలు. 2017 వేసవిలో భుజం నొప్పి వల్ల ఆడటం ఆపేశాను. ఆ తర్వాత పాయింట్లు ఒక్కొక్కటే రాలిపోయి, మరుసటేడు ఒక సోమవారం చూస్తే జాబితాలో నా పేరే లేదు. అమ్మ మాత్రం ఇంకో ఆర్నెల్లపాటు "మావాడు టోర్నమెంట్లకి తిరుగుతున్నాడు" అనే చెప్పుకుంది.

నేను ఆడినవన్నీ ఫ్యూచర్స్ టోర్నీలు. అప్పట్లో ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అట్టడుగు మెట్టు. నా రోజుల్లో ఎక్కువగా 10 వేల డాలర్లవి ఉండేవి. అది ఒక్కడికిచ్చే డబ్బు కాదు, సింగిల్స్, డబుల్స్ ఆడేవాళ్లంతా కలిసి పంచుకోవాల్సిన మొత్తం. టైటిల్ గెలిస్తే 18 పాయింట్లు, మొదటి రౌండ్ దాటితే ఒకటి. మొదటి రౌండ్‌లోనే ఓడితే పాయింటు సున్నా, చేతికి వంద డాలర్ల చిల్లర. దానికంటే ముందు క్వాలిఫయింగ్ ఉండేది. శుక్రవారం సాయంత్రం వెళ్లి సంతకం పెట్టి, వరసగా మ్యాచ్‌లు గెలిచి మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో పడాల్సి వచ్చేది. ఆ గెలుపులకి డబ్బూ ఉండేది కాదు, పాయింటూ ఉండేది కాదు. చెన్నైకీ ఢిల్లీకీ స్లీపర్ క్లాసులో వెళ్లేవాణ్ని. రాకెట్‌కి స్ట్రింగింగ్ నేనే చేసుకునేవాణ్ని, పక్క గదివాళ్లకి చేసిపెట్టి భోజనం ఖర్చులు రాబట్టుకునేవాణ్ని. 2016 యూఎస్ ఓపెన్‌లో మన సాకేత్ మైనేని క్వాలిఫయింగ్ గెలిచి మెయిన్ డ్రాకి వచ్చాడు. అయిదు సెట్లు పోరాడి, కండరాలు పట్టేసి ఓడిపోయాడు. ఆ మొదటి రౌండ్‌కి ఇచ్చింది 43 వేల డాలర్ల పైనే. ఆ రాత్రి స్కోరు చూస్తూ పడుకోలేదు. నాన్న పీఎఫ్ మీద తీసిన లోను గుర్తొచ్చింది.

ఆట పోయాక చేతిలో ఉన్నది ఆటే. డిగ్రీ దూరవిద్యలో సగంలో ఆగింది. హైదరాబాద్‌లో ఒక అకాడమీవాళ్లు పిలిచి, వాళ్ల జూనియర్లతో స్పారింగ్ చేయమన్నారు. బాగానే ఉండేది, ఎదురుగా ఉన్నవాళ్లకి వచ్చిన బంతిని తిరిగి కొట్టడమే కదా. రెండు నెలలకి చిన్నపిల్లల బ్యాచ్ చూసే కోచ్ మానేశాడు. "నువ్వు ఏటీపీ ర్యాంకు ఉన్నవాడివి, పదేళ్లలోపు పిల్లలు నీకో లెక్కా!" అని ఆ బ్యాచ్ నాకు అప్పగించారు.

లెక్కేనని మొదటి వారంలోనే తెలిసింది. ఏడేళ్ల పాప ఒకతె ఉండేది. రాకెట్ ఆమె చేతికంటే పొడుగు. బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) మీద నిలబెట్టి, నెట్ అవతలి నుంచి బంతి కొట్టాను. నా దృష్టిలో అది మెల్లగా కొట్టినట్టే. బంతి నేలను తాకి లేచి సూటిగా ఆమె గొంతు కింద తగిలింది. పాప ఏడవలేదు. రాకెట్ కింద పెట్టి, నా వైపు ఒకసారి చూసి, నడుచుకుంటూ వెళ్లి వాళ్లమ్మ పక్కన బెంచీ మీద కూర్చుంది. మర్నాటి నుంచి రాలేదు. ఏడ్చి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

అప్పుడే కోచ్‌లకి శిక్షణ ఇచ్చే లెవెల్ 1 కోర్సుకి దరఖాస్తు పెట్టాను. ఇది అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, ఐటీఎఫ్ తయారుచేసిన కోర్సు, మన దేశంలో ఆలిండియా టెన్నిస్ అసోసియేషన్ ద్వారా జరుగుతుంది. నాకు దాని మీద గౌరవమేమీ లేదప్పుడు, నిజం చెప్పాలి. బిగినర్లకి, మధ్యస్థంగా ఆడేవాళ్లకి నేర్పే కోర్సు అది. నాకెందుకు, కాయితం కోసం వెళ్తున్నాను అనుకున్నాను. ఇరవై మందిమి. స్కూళ్లలో పీఈటీ సార్లు కొందరు, క్లబ్బుల్లో మార్కర్లుగా (కోర్టు చూసుకుంటూ సభ్యులతో ఆడే పని) చేసేవాళ్లు కొందరు, నాలాంటి మాజీలు నలుగురు. పొద్దున కోర్టు మీద, మధ్యాహ్నం క్లాసు. మాజీలం నలుగురం వెనక బెంచీలో కూర్చుని నవ్వుకునేవాళ్లం.

మూడో రోజు నవ్వు ఆగింది. టెన్నిస్‌లో ఏ పాయింటైనా అయిదు పరిస్థితుల్లోనే నడుస్తుందని బోర్డు మీద రాశారు. సర్వ్ చేయడం, సర్వ్ తీసుకోవడం, ఇద్దరూ బేస్‌లైన్ దగ్గర ఉండటం, మనం నెట్ దగ్గరికి రావడం, నెట్ దగ్గరికి వచ్చినవాణ్ని దాటిపోయేలా బంతి కొట్టడం. ఇన్నేళ్లు ఇవే ఆడాను, ఒక్కరోజు కూడా ఇలా విడదీసి చూడలేదు. ఫోర్‌హ్యాండ్ అంటే నాకు చెయ్యి తిరిగే తీరే. వాళ్ల లెక్కలో మాత్రం ముందు "ఈ బంతితో ఏం చేయాలనుకుంటున్నావు?" అన్న ప్రశ్న వస్తుంది. చెయ్యి ఎలా తిప్పాలన్నది ఆ తర్వాతి మాట.

తర్వాత పిల్లల బంతులు. మామూలు పసుపు బంతితో పోలిస్తే ఎర్రది 75 శాతం, నారింజది 50 శాతం, ఆకుపచ్చ చుక్కది 25 శాతం నెమ్మది. పెద్ద కోర్టు పొడుగు 23.77 మీటర్లు. ఎర్ర బంతి కోర్టు దాదాపు 11 మీటర్లే, నెట్ కూడా 80 సెంటీమీటర్ల ఎత్తే. 2012 నుంచి పదేళ్లలోపు పిల్లల పోటీలు పసుపు బంతితో పెట్టకూడదని ఐటీఎఫ్ నియమమే ఉంది. నేను ఆ పాపని నిలబెట్టిన చోటు గుర్తొచ్చింది. 23.77 మీటర్ల కోర్టు, పసుపు బంతి, కొట్టినవాడు ఏటీపీ ర్యాంకువాడు.

చివర్లో పరీక్షలు. ఆడి చూపించే పరీక్ష సులువుగా అయిపోయింది. థియరీ గట్టెక్కింది. ఎవరైనా ఆడుతుంటే చూసి తప్పు పట్టుకునే పరీక్ష కూడా పర్వాలేదు. మిగిలింది గ్రూప్ లెసన్: తోటి అభ్యర్థులే పిల్లలు, నేను కోచ్‌ని, ఇరవై నిమిషాలు. చీటీ తీస్తే "ఇద్దరూ బేస్‌లైన్ దగ్గర" వచ్చింది. హాయిగా అనిపించింది. ఎనిమిది మందిని వరసలో నిలబెట్టి, బుట్ట పక్కన పెట్టుకుని, ఒక్కొక్కరికీ బంతి వేస్తూ, తప్పు చేసినప్పుడల్లా ఆపి చక్కగా వివరించాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు.

పరీక్ష పెట్టినాయన స్టాప్‌వాచ్, చిన్న నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాడు. అయిపోయాక పిలిచి రెండు అంకెలు చూపించాడు. ఒకటి 6:40, అంటే నేను మాట్లాడిన సమయం. రెండోది 11. వరసలో మూడో వ్యక్తి ఇరవై నిమిషాల్లో కొట్టిన బంతులు. "నీకు ఏడేళ్లుంటే ఈ పదకొండు బంతుల కోసం రేపు మళ్లీ వస్తావా?" అని అడిగాడు. ఆ భాగంలో ఫెయిల్. పీఈటీ సార్లందరూ పాసయ్యారు. పిల్లల్ని వరసలో నిలబెడితే ఏమవుతుందో వాళ్లకి రోజూ తెలిసేదే.

ఫెయిలైన సంగతి ఇంట్లో చెప్పకుండా గుంటూరు వెళ్లాను. నాన్న గుమాస్తాగా చేసిన క్లబ్బులోనే నేను రాకెట్ పట్టింది. సాయంత్రం ఆఫీసర్లు డబుల్స్ ఆడేవారు, తెల్లవారుజామున కోర్టు ఖాళీ. క్లబ్బు మార్కర్ బాబాయ్ కోర్టుకి నీళ్లు కొట్టి, రోలరు లాగి, సున్నం గీతలు సరిచేసి, ఆ తర్వాత ఓ అరగంట నాకు బంతులు వేసేవాడు. ఆయనకి ఏ సర్టిఫికెట్టూ లేదు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, రోలరు మాత్రం ఇంకో కుర్రాడు లాగుతున్నాడు.

విషయం చెప్తే ఆయన నవ్వలేదు. బకెట్టు తెచ్చి, ఒక కుర్రాణ్ని పిలిచి, "ఏదీ, వీడికి వెయ్యి" అన్నాడు. వేశాను. మూడో బంతికే ఆపేశాడు.

"ఒరే, విసరమాక. బిడ్డకి బువ్వ పెడతన్నట్టు ఉండాల. నోటి దాకా నువ్వు తీసుకెళ్లాల, తినేది వాడే."

తర్వాత ఆయన చూపించాడు. నెట్ అవతల కాదు, పిల్లాడి వైపే, రెండడుగుల దూరంలో, పక్కగా నిలబడ్డాడు. అరచెయ్యి పైకి పెట్టి, మోచెయ్యి కదలకుండా, వేళ్లు తెరిచి బంతిని వదిలాడు. అది పిల్లాడి ముందు కాలికి కాస్త ముందుగా పడి, సరిగ్గా వాడి నడుము ఎత్తుకి లేచి, అక్కడ ఒక క్షణం ఆగినట్టు కనిపించింది. మళ్లీ వేశాడు, అదే చోటు, అదే ఎత్తు. నేల మీద బంతి పడ్డ మచ్చలన్నీ కలిపినా విస్తరాకంత లేవు. నేను వేసిన మచ్చలు చూసుకుంటే సగం కోర్టు పరుచుకుని ఉన్నాయి.

మూడు వారాలు పొద్దున్నే అదే పని. ఫోర్‌హ్యాండ్ వైపు ముప్పై, బ్యాక్‌హ్యాండ్ వైపు ముప్పై, కోర్టు మీద చాక్‌పీసుతో గీసిన వృత్తంలో పడాలి. గంటకి నూటయాభై కిలోమీటర్ల పైన సర్వ్ చేసిన భుజం ఇది. రెండడుగుల దూరంలో బంతి వదలడానికి వణికింది. ఒక మాట ఒప్పుకోవాలి. బాబాయ్ మాకు ఇచ్చినవి గాలి పోయిన పాత బంతులు. అవీ నెమ్మదివే కదా, ఎర్ర బంతిలాంటివే కదా అని మొదట్లో మురిసిపోయాను. కావు. అవి అసలు లేవవు, మోకాళ్ల కింద కొట్టడం అలవాటవుతుంది. నా ఫోర్‌హ్యాండ్ గ్రిప్‌లో ఉన్న లోపం అక్కణ్నుంచే వచ్చిందని నా అనుమానం. అది ఆయనతో అనలేదు.

2019లో ఆ ఒక్క భాగం మళ్లీ రాశాను. రాశాను అంటున్నాను కానీ చేతుల్తోనే. ఈసారి కోర్టు పొడుగునా ఈ కొస నుంచి ఆ కొసకి తాడు కట్టి, ఎనిమిది మందిని నాలుగు జంటలు చేసి, నాలుగు చిన్న కోర్టుల్లో ఎర్ర బంతులతో వదిలేశాను. "వరసగా పది కొట్టినవాళ్లు అరవండి" అన్నది ఒక్కటే సూచన. తర్వాత ఒక్కో జంట దగ్గరికి వెళ్లి ఒక్కో మాట. పరీక్ష పెట్టినాయన నోటుబుక్కులో కాసేపు గీతలు పెట్టి, మధ్యలో ఎప్పుడో లెక్కపెట్టడం మానేశాడు.

సర్టిఫికెట్టు వచ్చాక ఒక స్కూలు కోర్టు అద్దెకి తీసుకుని ఆరుగురితో మొదలుపెట్టాను. 2020లో కరోనాకి మూతపడింది. మళ్లీ తెరిచేసరికి ఆరుగురిలో ఇద్దరే మిగిలారు. ఇప్పుడు పాతిక మంది. డబ్బు పరంగా ఫ్యూచర్స్ కంటే నయం, ఇంతకంటే చెప్పుకోవడానికేం లేదు. వర్షాకాలం నెలల్లో అద్దె చేతి నుంచే. పిల్లల కంటే తల్లిదండ్రులకి నేర్పడం కష్టం, దానికి లెవెల్ 1లో పాఠం లేదు. "ర్యాంకు ఎప్పుడొస్తుంది సార్?" అని ఎనిమిదేళ్ల పిల్ల తల్లి అడిగితే ఏం చెప్తాం. నాకు ఎంత పట్టిందో చెప్తే రేపట్నుంచి స్విమ్మింగ్‌లో చేర్పిస్తారు.

మొన్నొకాయన పసుపు బంతుల డబ్బా కొనుక్కొచ్చాడు. "ఇంకా ఈ పిల్లల బంతులేంటి సార్, మావాడికి తొమ్మిదేళ్లు" అన్నాడు. వాదించలేదు. ఆ పిల్లాడూ వాడి జోడీ కలిసి నారింజ బంతితో వరసగా 43 కొట్టారు, గోడ మీద సుద్దతో రాసి ఉంది. డబ్బా తెరిచి కొత్త బంతి వాళ్లకే ఇచ్చాను. మూడు దెబ్బలకే బంతి కంచె దాటింది. రెండోసారి రెండింటికే. మూడోసారి పిల్లాడే ఆడటం ఆపి, బంతిని వెతికి తెచ్చి డబ్బాలో పెట్టి మూత బిగించాడు. వెళ్లి స్కూటర్ డిక్కీలో పడేసి, "నాన్నా, ఇవి నువ్వు ఆడుకో" అని నారింజ బంతి తీసుకుని వెనక్కి పరిగెత్తాడు.